ఇక్కడెవ్వలు లేరు సార్

మీ ఇంటికి నిన్న పార్శిల్ తెచ్చిచ్చిన మనిషి మొహం మీకు గుర్తుందా? ఉండదులెండి. నిష్ఠూరానికి అనడం లేదు. తలుపు సగం తెరుచుకుంటుంది, ఒక చెయ్యి బయటికొస్తుంది, ఓటీపీ చెబుతారు, తలుపు పడిపోతుంది. మాకు మాత్రం మీ చేతులు తెలుసు, మీ గుమ్మం ముందు చెప్పులు తెలుసు, మీ కుక్క ఏ వేళకు ఎక్కడ పడుకుంటుందో మరీ బాగా తెలుసు. మొహాలు మాకూ గుర్తుండవు. అక్కడికి చెల్లుకు చెల్లు.

ఈ పనిలో ఇప్పుడిప్పుడే చేరుతున్న పిల్లలు చాలామంది ఉన్నారు. బండీ ఫోనూ ఉంటే చాలని చేరుతున్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. పని నేర్పడానికి కాదు, పని వాళ్లు నాకంటే చురుగ్గా చేస్తారు. సిరిసిల్లలో ఒక గల్లీ ఉండేది. ఆ గల్లీ మొత్తం మీద ఒక కంప్యూటరుకు అనుమానం వచ్చింది. దానివల్ల ఒక తల్లి తన వాళ్ల మధ్య తలెత్తుకోలేకపోయింది. నేను చెప్పదలుచుకున్నది ఆ సంగతే. ఇందులో ఎవరి పేరూ రాయను. కంపెనీ పేరు అసలే రాయను.

మాది బుగ్గారం. జగిత్యాలలో ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమాస్తాగా మొదలుపెట్టాను. గుడ్డ బేళ్ల మీద కుంచెతో నల్లరంగు పూసి ఊరి పేరు రాయడం నేను నేర్చిన మొదటి విద్య. తర్వాత కోరుట్లలో కొరియర్ ఆఫీసు. అక్కడ ఉండగానే నా భార్య జబ్బుచేసి పోయింది. మాకు పిల్లలు లేరు. ఆ తర్వాత ఎక్కడికి బదిలీ చేసినా నేను కాదనలేదు. కాదనడానికి ఇంట్లో ఎవరినన్నా అడగాలి కదా, ఆ అవసరం నాకు లేకుండా పోయింది. అలా చివరి పోస్టింగు సిరిసిల్ల వచ్చింది. ఆన్‌లైన్‌లో కొన్న సామాన్లను ఇళ్లకు చేరవేసే సెంటరుకు నేను ఇన్‌చార్జిని. బస్టాండు వెనక ఒక గది తీసుకున్నాను. పొద్దున ఆఫీసు, సాయంత్రం గది, మధ్యలో ఒక మెస్సు. మెస్సులో వడ్డించే మనిషి "ఇంక కొంచెం పెట్టమంటరా సార్" అనేవాడు. కొన్ని రోజులు ఆఫీసు పని కాకుండా నాతో ఎవరైనా మాట్లాడిన మాట అదొక్కటే.

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. వాటి యజమాని ఆసామి. నేను కొత్తగా వెళ్లినప్పుడు ఊరంతా టకటకమని ఒకటే మోత. గోడలు కూడా అదురుతున్నట్టు ఉండేది. చాయ్ కొట్టు దగ్గర మాట వినబడక చేతులతో సైగలు చేసుకునేవాళ్లు. నాకు మొదట్లో తల పగిలిపోయేది, తర్వాత అలవాటైపోయింది. అలవాటైన తర్వాత ఆ మోత తగ్గడం మొదలైంది. ఆర్డర్లు రావడం లేదన్నారు. నూలు ధర పెరిగిందన్నారు. ఒక షెడ్డు బందయింది, దాని పక్కది బందయింది. చివరికి పగటిపూట కాకుల అరుపు కూడా వినబడేంత నిశ్శబ్దమైంది. ఒంటరిగా ఉండేవాడికి మోతే నయమని నాకు అప్పుడు తెలిసింది.

ఊళ్లో పనులు లేవు కాబట్టి పార్శిళ్లు తగ్గుతాయని, సెంటరు ఎత్తేస్తారేమోనని నేను భయపడ్డాను. తీరా చూస్తే సంచులు ముందుకంటే నిండుగా వచ్చాయి. అన్నీ చిన్న చిన్నవే. సబ్బులు, నూనె ప్యాకెట్లు, పిల్లల చెప్పులు, స్కూలు బ్యాగులు. నాకు అర్థంకాక మా డెలివరీ మనిషిని అడిగాను. ఆయనది తంగళ్లపల్లి. నలభై దాటిన మనిషి. ఊహ తెలిసినప్పటినుంచి సాంచాల మీదే పనిచేసి, అవి ఆగిపోయాక మా దగ్గర బండెక్కాడు. సాంచాల మోతకు చెవులు మందగించాయి. అందుకని ఎదుటివాడికీ వినబడదన్నట్టు గట్టిగా మాట్లాడతాడు. ఆయనతో గుట్టు మాట చెప్పాలంటే ఊరవతలికి తీసుకెళ్లాలి.

"పనుల్లేవంటున్నరు. మరి గిన్ని పార్శిళ్లు ఎవలు కొంటున్నరు తమ్మీ?" అన్నాను.

"పనుల్లేకనే కొంటున్నరు సార్," అని అరిచాడు. "పైసలున్నోడు దుకాణంల కొంటడు. లేనోడు కూపన్ల మీద కొంటడు."

మీకు కూపన్ల గురించి నేను చెప్పాలా? కొత్తగా చేరిన ఫోను నంబరుకు మొదటి ఆర్డరు మీద పెద్ద తగ్గింపు ఇస్తారు. స్నేహితుణ్ని చేర్పిస్తే ఇద్దరికీ ఇస్తారు. చేతిలో పని ఉన్న రోజుల్లో ఆ గల్లీవాళ్లు వాటి మొహం చూడలేదు. పనులు పోయాక, ఇంట్లో ఉన్న ఒక్కో ఫోను నంబరూ ఒక్కో సరుకైంది. తాత నంబరుతో నూనె, కోడలి నంబరుతో సబ్బులు. తప్పేమీ లేదు. కొత్తవాళ్లకు ఇస్తామన్నారు, వీళ్లు నిజంగా కొత్తవాళ్లే.

ఈ విద్యంతా గల్లీకి నేర్పింది ఒకామె. షెడ్డులో కండెలు చుట్టే పని చేసేది. అంటే మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే చిన్న చిన్న కడ్డీలకు దారం చుట్టడం. అందుకని అందరూ ఆమెను కండెలక్క అనేవాళ్లు. నేనూ అదే రాస్తాను. పుట్టిల్లు బోయినపల్లి. భర్త సాంచాల పనికి మహారాష్ట్రలోని భీవండి వెళ్లాడు. మొదట్లో రోజూ ఫోను చేసేవాడట, తర్వాత పండగలకు చేసేవాడట, ఆ తర్వాత ఆమే చెప్పడం మానేసింది. ఒక్కతే కూతురు. సాంచాలు ఆగినా కండెలక్క రోజూ షెడ్డుకు వచ్చి, ఎప్పుడూ కూర్చునే పీట మీదే కూర్చునేది. దారం బదులు చేతిలో ఫోను ఉండేది. గల్లీవాళ్లు తమ ఫోన్లు తెచ్చి ఆమె ఒళ్లో పెట్టేవాళ్లు.

ఒకసారి సంతకం పని మీద నేనే ఆ షెడ్డుకు వెళ్తే, ఆమె ఎవరికోసమో ఫోను యాప్‌లో సామాన్లు ఏరి బుట్టలో వేసి, కొనకుండా అలాగే వదిలేసింది. ఎందుకని అడిగాను.

"కొనద్దు సారూ, గట్లనే ఇడిచిపెట్టాలె. రెండ్రోజులైనంక అదే మెసేజ్ పెడ్తది. మీ సామాను మీకోసం ఎదురు సూస్తున్నదంటది. ఇంకింత తగ్గిస్త, తీస్కోమంటది. మనం అలిగి కూసుంటే బతిమాలుతది." కొంచెం నవ్వి, ఫోను వైపే చూస్తూ అంది, "నా జన్మల నన్ను గిట్ల బతిమాలినోళ్లు లేరు. గీ ఫోనొక్కటే."

నేను కూడా నవ్వాను. గదికి వచ్చాక ఆ మాట గుర్తొచ్చి నవ్వు రాలేదు.

ఇక ఆ గల్లీ అడ్రసు సంగతి. అక్కడ ఆర్డరు ఇచ్చినవాళ్లెవరూ తమ ఇంటి అడ్రసు రాసేవాళ్లు కాదు. అందరూ ఆసామి సాంచాల షెడ్డు అడ్రసే రాసేవాళ్లు. మొదట నాకూ వింతగా ఉండేది. కారణం మా డెలివరీ మనిషి చెప్పాడు. సాంచాలు నడిచిన రోజుల్లో గల్లీలో మొగవాళ్లూ ఆడవాళ్లూ అందరూ షెడ్డులోనే ఉండేవాళ్లు. ఇంటికెళితే తాళం. ఇంటి నంబర్లు ఎన్నిసార్లో మారాయి. గోడ మీద ఒకటి, కరెంటు బిల్లు మీద ఒకటి. అందుకని పెళ్లి పత్రికలు, పోస్టు, బ్యాంకు కాగితాలు అన్నీ షెడ్డుకే వచ్చేవి. పని పోయినా అలవాటు పోలేదు. పైగా ఆసామి సాంచాలు ఆపేసినా రోజూ పొద్దున వచ్చి షెడ్డు తలుపులు తీసి, వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. పార్శిల్ వస్తే తీసి పెట్టేవాడు. ఇంటికి పోయి ఏం చేయాలో ఆయనకు తోచేది కాదనుకుంటాను. ఆ బాధ నాకు తెలుసు కాబట్టి అలా అనుకుంటున్నాను.

ఆ ఎండాకాలం చివర్లో కండెలక్క కూతురికి జగిత్యాలలో నర్సింగు సీటు వచ్చింది. ఆ కబురు గల్లీ అంతటికీ పండగైంది. సోమవారం హాస్టల్లో చేరాలి. తెల్లకోటు, తెల్ల బూట్లు, దుప్పట్లు, బకెట్టు, తాళం వేసుకునే పెట్టె తెచ్చుకోమన్నారు. తెల్లకోటూ బూట్లూ లేకపోతే క్లాసులో కూర్చోనివ్వరట. కోరుట్లలో కండెలక్క చెల్లెలు ఉండేది, బీడీలు చుట్టేది. "చదువులెందుకు, పోరిని నా దగ్గరికి తోలియ్యి, పని నేర్పిస్త" అని ఆమె అప్పటికే పోరుతోంది. కండెలక్క ససేమిరా అంది. తన కూపన్లన్నీ ఇల్లు గడవడానికే అయిపోయాయి. అప్పుడు ఇంకా కూపన్ వాడని ఇళ్లవాళ్లు తలా ఒక నంబరు ఇచ్చారు. ఒకరి నంబరు మీద బూట్లు, ఒకరి నంబరు మీద కోటు, ఒకరిది పెట్టె. గల్లీ అంతా కలిసి ఒక పిల్లను సాగనంపుతున్నట్టే ఉండింది. అన్నీ ఆ షెడ్డు అడ్రసుకే.

అవన్నీ ఒకే సంచిలో మా సెంటరుకు వచ్చాయి. అదే రోజు హైదరాబాదులో మా పెద్దాఫీసు కంప్యూటరుకు అనుమానం వచ్చింది. ఒకే అడ్రసు, ఇంతమంది కొత్త కస్టమర్లు, అందరూ కూపన్లవాళ్లే. ఎవరో ఒక్కడు దొంగ నంబర్లతో ఆడుతున్నాడని దాని లెక్క. సరే, తేల్చుకుందామని అక్కడివాళ్లు అడ్రసులో ఉన్న ఆసామి నంబరుకు ఫోను చేశారు.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. సాంచాల ఆసాములకు కొత్త నంబరు నుంచి ఆఫీసరు గొంతు వినబడిందంటే గుండెల్లో రాయి పడుతుంది. అది కరెంటువాళ్లు కావచ్చు, కార్మికుల లెక్క రాసుకునేవాళ్లు కావచ్చు. మీ దగ్గర ఎంతమంది పనిచేస్తారు, వాళ్ల పేర్లేమిటి అని అడుగుతారు. ఏళ్ల తరబడి ఆసాములందరూ దానికి ఒకటే జవాబు కంఠతా పట్టారు. హైదరాబాదు నుంచి ఒక గొంతు, ఫలానా ఫలానావాళ్లు మీ దగ్గర ఉంటారా అని వరసగా పేర్లు చదివేసరికి, ఆసామి ఆలోచించకుండా చెప్పేశాడు.

"ఇక్కడెవ్వలు లేరు సార్. సాంచాలు బందున్నయి."

మర్నాడు పొద్దున నా స్క్రీను మీద ఆ అడ్రసు ఎర్రగా కనబడింది. దొంగ అడ్రసు, పార్శిళ్లన్నీ వాపసు, వాడిన కూపన్లు రద్దు, ఆ నంబర్లకు ఇకముందు కూడా కూపన్లు లేవు. నేను స్కానరు పెట్టి ఒక్కో పార్శిల్ మీద ఆనించి చూశాను. అన్నిటికీ అదే మాట. తెల్ల బూట్ల అట్టపెట్టె నా బల్ల పక్క అరలో ఉంది. చెయ్యి చాస్తే అందుతుంది. ఇవ్వడానికి మాత్రం నాకు వీల్లేదు.

పెద్దాఫీసుకు ఫోను చేశాను. ఒక అమ్మాయి ఎత్తింది. మర్యాదగానే మాట్లాడింది.

"అక్కడ ఎవరూ లేరని షెడ్డు ఓనరే చెప్పారు కదండీ. రికార్డింగు ఉంది."

"ఉన్నారమ్మా. నేను రోజూ చూస్తున్నాను. ఇళ్లలో ఉంటారు, అడ్రసు షెడ్డుది రాస్తారు."

"మరి ఇళ్ల అడ్రసే రాయొచ్చు కదండీ," అంది. ఆ పిల్ల అడిగినదాంట్లో తప్పులేదు. ఆ ఊరిని ఫోనులో ఎలా చెప్పాలో నాకు చేతకాలేదు. చివరికి ఆమే ఒక దారి చెప్పింది. ప్రతి కస్టమరునూ వాళ్ల ఇంటి గుమ్మంలో, ఆధార్ కార్డు చేత్తో పట్టుకుని ఉండగా ఫొటో తీసి పంపితే చూస్తామంది.

ఫోను పెట్టేసరికి కండెలక్క కౌంటరు అవతల నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో చూడలేదు. అరలో ఉన్న పార్శిళ్లను చూస్తోంది. నేను జరిగింది చెప్పాను.

"సామాను పోతే పోనీ సారూ. ఆళ్ల కూపన్లు ఆళ్లకు మల్ల వస్తయా?"

"రావక్కా."

కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది. "నా బిడ్డ కోసమని ఇచ్చిండ్రు. నేను ఆగం చేసిననంటరు. ఇగ గల్లీల ఏం మొకం పెట్టుకొని తిరుగాలె సారూ?" అంది.

ఫొటోలు నేనే వచ్చి తీసుకుంటానని ఆమెతో చెప్పాను.

గురువారం పొద్దున మా డెలివరీ మనిషి బండెక్కి ఫొటోల కోసం ఆ గల్లీకి వెళ్లాను. నేను వెళ్తే పని అయిపోతుందనుకున్నాను. నన్ను సారూ అంటారు కదా, ఆ మాత్రం ధీమా ఉండింది. గల్లీ మొదట్లోనే తెలిసిపోయింది. అప్పటికే కబురు పాకింది. ఇళ్ల తలుపులు దగ్గరికి వేసి ఉన్నాయి. కండెలక్క షెడ్డు గోడకు ఆనుకుని ఒక్కతే నిలబడి ఉంది. నిన్నటిదాకా ఆమె చుట్టూ ఫోన్లు పట్టుకుని కూర్చున్నవాళ్లలో ఒక్కరూ లేరు. ఆమె కూతురు వాకిలి లోపలే ఉండిపోయింది.

మొదటి తలుపు తట్టాను. లోపలినుంచే జవాబు వచ్చింది. "ఆధార్ కార్డు ఫొటో ఎందుకు సారూ? ఇప్పటికే మా నంబరు ఖరాబు చేసింది. ఇగ కార్డు సుత ఖరాబు చేస్తరా?" రెండో ఇంట్లో ఒక ముసలమ్మ తలుపు సందులోంచి చూసింది. "దసరకు నూనె తెచ్చుకుందమని దాపెట్టుకున్న కూపన్ అది. పోరి సదువుకుంటదని ఇచ్చిన. దానికీ రాకపాయె, నాకూ రాకపాయె," అని తలుపేసింది. మూడో ఇంట్లో పలకనే లేదు. మూసిన తలుపుల ముందు నేను ఫోను పట్టుకుని ఊరికే నిలబడ్డాను. ఆ మూసిన తలుపుల ఫొటోలే పంపితే, అక్కడ ఎవరూ లేరన్న మాటే నిజమయ్యేది.

ఆసామి కుర్చీలోంచి లేచి వచ్చాడు. పెద్ద వయసు మనిషి. ఒకప్పుడు ఆ గల్లీ మొత్తానికి పని ఇచ్చినవాడు. ఆయన ఫోనులో చెప్పిన మాటవల్లే ఇదంతా జరిగిందని అప్పుడు చెప్పాను. ఆయన మొహం వాడిపోయింది.

"గది మీ కంపినీ అనుకోలె సారూ, కరెంటోళ్లనుకున్న. ఏండ్ల సంది గదే మాట చెప్పుకుంట వస్తున్న. నోట్లెకెల్లి అదే వచ్చింది." తలుపులు తెరిచి ఉన్న షెడ్డు లోపలికి చూశాడు. సాంచాల మీద బూజు పట్టి ఉంది. "అబద్ధం గూడ కాదు గద. ఎవలున్నరు ఈడ?"

అందరం అలా నిలబడి ఉండగా మా డెలివరీ మనిషికి ఏదో తట్టింది. నా చెవి దగ్గరికి వచ్చి, తన దృష్టిలో గుసగుసగా అన్నాడు. గల్లీ చివరిదాకా వినబడింది.

"సార్, మీ నంబరు మీద కూపన్ ఉంటది గద. మీరు ఎన్నడన్న ఏమన్న కొన్నరా?"

"లేదు," అన్నాను.

"ఒక్కటి సుత కొనలేదా? గిన్నేండ్లు పార్శిళ్లు పంచుకుంట, మీకొక్క పార్శిల్ రాలేదా?"

"నాకెందుకు తమ్మీ, ఎవలికోసం కొనాలె?" అన్నాను. కొంచెం విసుగ్గానే అన్నాను. అన్నాక అది అందరికీ వినబడిందని అర్థమైంది. సిరిసిల్లలో ఎవరికీ తెలియని నా సంగతి ఒక్క ముక్కలో గల్లీ మొత్తానికి తెలిసిపోయింది.

తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. నా మీద జాలితో కాదు. పార్శిళ్ల ఆఫీసులో పనిచేస్తూ ఒక్క కూపన్ కూడా వాడని మనిషి ఎలా ఉంటాడో చూడాలన్న వింతతో. దసరా నూనె ముసలమ్మ గుమ్మంలోకి వచ్చి నన్ను ఎగాదిగా చూసి, "పాపం, మంచిగనే ఉన్నడు గద," అంది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ గల్లీలో ఆ పొద్దుట వినబడిన మొదటి నవ్వు అది. నాకు సిగ్గేసింది, దాంతోపాటే హాయిగా కూడా ఉండింది.

కండెలక్క దగ్గరికి వచ్చి చెయ్యి చాచింది. ఫోను ఇచ్చాను. నా ఫోనులో ఆ యాప్ కూడా లేదు. ఆమే వేసింది. నా పేరు అడిగి కొట్టింది. స్వాగతం, కొత్త కస్టమర్ అని నా పేరుతో సహా వచ్చింది. ఆడవాళ్లు ఆమె చుట్టూ చేరారు. బూట్లు, కోటు, ఒక దుప్పటి. కూపన్ కలుపుకుని ఆమె చేతిలో ఉన్న డబ్బుకు అంతే వచ్చాయి. పెట్టె తీసేసింది, బకెట్టు తీసేసింది. తీసేసిన ప్రతిసారీ ఒకసారి కూతురు నిలబడ్డ వాకిలి వైపు చూసింది.

ముసలమ్మ లోపలికెళ్లి ఒక బకెట్టు తెచ్చింది. మనవడి పెళ్లిలో వచ్చిందట, ఇంకా దానికి రిబ్బను కట్టే ఉంది. కండెలక్క కాళ్ల దగ్గర పెట్టి వెళ్లిపోయింది. ఆసామి షెడ్డులోకి పోయి, సాంచాల నాడెలు, బోల్టులు దాచుకునే ఇనుప పెట్టెను బోర్లించి తెచ్చాడు. కిరసనాయిలు పెట్టి వాకిట్లో తనే తుడిచాడు. ఎంత తుడిచినా నూనె వాసన పోలేదు. కొన్ని తలుపులు మాత్రం చివరిదాకా తెరుచుకోలేదు. వాళ్లనూ నేను తప్పుపట్టను.

షెడ్డు అడ్రసు పనికిరాదు కాబట్టి నేరుగా జగిత్యాల హాస్టలు అడ్రసు పెట్టాం. ఈ అడ్రసుకు ఏం పేరు పెట్టాలి, ఇల్లా, ఆఫీసా అని యాప్ అడిగింది. కండెలక్క నన్ను చూసింది.

"ఏదన్న పెట్టక్కా, ఏమైతది," అన్నాను.

"నా బిడ్డ ఉండేది గాడనే గద," అని ఇల్లు అన్నదాని మీద నొక్కింది. తర్వాత కొంగు ముడి విప్పి డబ్బు నా జేబులో పెట్టింది. వద్దంటే వినలేదు.

జగిత్యాల సెంటరులో నా పాత తోటి ఉద్యోగి ఉండేవాడు. పార్శిల్ నా పేరు మీద వస్తుంది కానీ, అది ఫలానా పిల్లకు చేరాలని ఫోను చేసి చెప్పాను. "నీ పేరు మీద పార్శిలా?" అని వాడు ముందు నవ్వి, తర్వాత ఏమనుకున్నాడో, తనే స్వయంగా ఇచ్చొస్తానన్నాడు. సోమవారం మధ్యాహ్నం నా ఫోనుకు ఒక ఫొటో వచ్చింది. సిమెంటు గచ్చు మీద తెల్ల బూట్లు వేసుకున్న రెండు పాదాలు, పక్కన ఆసామి పెట్టె. మొహం లేదు. ఆ ఫొటో నా దగ్గర ఇంకా ఉంది.

ఆ అడ్రసు మీద ఎర్రరంగు మాత్రం పోలేదు. ఎన్ని ఉత్తరాలు రాసినా, మళ్లీ అవే ఫొటోలు అడిగారు. కొన్నాళ్లకు ఆసామి సాంచాలను పాత ఇనుము కింద అమ్మేశాడు. కండెలక్క చివరికి కోరుట్ల చెల్లెలి దగ్గరికి బీడీలు చుట్టడానికి తనే వెళ్లింది. వెళ్లేముందు ఆఫీసుకు వచ్చి, కౌంటరు అవతల నిలబడి, "పోతున్న సారూ. మీరు సుత ఏమన్న కొనుక్కోండ్రి," అంది. అంతకంటే ఎక్కువ మాట్లాడుకునేంత పరిచయం మా మధ్య ఎప్పుడూ లేదు. ఆ రోజంతా మాత్రం నాకు పని మీద మనసు నిలవలేదు.

రిటైరయ్యాక జగిత్యాలలో ఒక గది తీసుకున్నాను. బుగ్గారంలో నాకంటూ ఎవరూ లేరు, సిరిసిల్లలో ఉండటానికి కారణం లేదు. ఇక్కడినుంచి ఆ హాస్టలు దూరమేమీ కాదు. ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఏ చుట్టరికం చెప్పుకుని ఆడపిల్లల హాస్టలు గేటు ముందు నిలబడాలి? ఆ పిల్ల చదువు ఎప్పుడో పూర్తయి ఉంటుంది. ఏదో ఆసుపత్రిలో ఉద్యోగం చేస్తూ ఉంటుంది. నాకు జ్వరం వచ్చి ఆసుపత్రికి వెళ్లినప్పుడల్లా నర్సుల కాళ్ల వైపు చూస్తాను. మొహం నాకు సరిగా తెలియదు కదా.

ఫోను మాత్రం రోజూ మోగుతుంది. ఆ యాప్ నన్ను మరిచిపోలేదు. పేరు పెట్టి పిలుస్తుంది, మీకోసం కూపన్ ఉంది అంటుంది, చాలా రోజులైంది కనబడలేదంటుంది. కండెలక్క చెప్పినట్టు ఒక్కోసారి ఏదో ఒకటి బుట్టలో వేసి వదిలేస్తాను. రెండు రోజులకు బతిమాలుతుంది. కొనాలని కాదు. ఆ మెసేజీ కోసమే వదిలేస్తానని మీకు చెప్పడానికి నాకిప్పుడు సిగ్గేమీ లేదు.

మొన్న చలికాలం మాత్రం నిజంగానే ఒక దుప్పటి కొన్నాను. అది అంతగా బతిమాలింది, నా పాతది చిరిగిపోయింది. కూపన్ పడిందన్న సంబరంలో మిగతాదేమీ చూడకుండా నొక్కేశాను. రెండు రోజుల తర్వాత ఉదయం ఫోను మోగింది. కొత్త నంబరు. ఎవరో డెలివరీ కుర్రవాడు.

"సార్, మీ పార్శిల్ తెచ్చిన. ఇల్లు అని పెట్టిండ్రు గద, లేడీస్ హాస్టల్. వాచ్‌మనేమో గా పేరుతోని ఈడ ఎవ్వలు లేరంటున్నడు."

నా గది అక్కడినుంచి రెండు వీధుల అవతలే. ఆ మాట చెబితే చాలు, వచ్చి ఇచ్చి వెళ్లేవాడు. చెప్పాలనే నోరు తెరిచాను.

"నిజమే తమ్మీ," అన్నాను. "ఇక్కడెవ్వలు లేరు. వాపస్ పంపియ్యి."